నోట్లో నాలుక లేదా? నోరు కట్టుకోలేవా?

ఈ వారం ఉత్తరం విజయనగరం నుంచి. నాలుగు పేజీలుంది, అందులో ఒకటిన్నర పేజీ పేకముక్కల బొమ్మలే. పేరు వేయవద్దన్నారు. విషయం కుదించి చెబుతాను.

రాసినాయనకు 58 ఏళ్ళు. బ్యాంకు ఉద్యోగానికి ముందుగానే విరమణ తీసుకున్నారు. నాలుగేళ్ళ కిందట తోడల్లుడు కూర్చోబెట్టి బ్రిడ్జ్ నేర్పారు. తోడల్లుడంటే భార్య అక్కగారి భర్త, వరసకు అన్నయ్య, లెక్కల లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యారు. బ్రిడ్జ్ నలుగురు రెండు జంటలుగా ఆడే పేకాట, ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళు పార్టనర్లు. ముందు వేలంపాటలా ‘పాడతారు’, పాడనివాళ్ళు పాస్ అంటారు. 1 ఇస్పేటు అని పాడితే, ఇస్పేట్లు తురుపుగా (మిగతా జాతులను కొట్టే ముక్కలుగా) ఆరు మీద ఒకటి, ఏడు ట్రిక్కులు చేస్తామని మాట. 3 అంటే తొమ్మిది. నలుగురూ ఒక్కో ముక్క వేస్తే ఒక ట్రిక్కు. ప్రతి మంగళవారం సాయంత్రం క్లబ్బులో ఇద్దరూ జంటగా ఆడతారు. అప్పుడప్పుడు రైలెక్కి విశాఖపట్నం టోర్నమెంట్లకు వెళ్ళొస్తారు. డబ్బు పందెం లేదు. అయినా మూడు పేకలు, అంటే మూడుసార్లు ముక్కలు పంచి ఆడిన ఆటలు, ఇద్దరి మధ్య మాటలు ఆగిపోయేదాకా తెచ్చాయి.

మొదటిది. అన్నయ్యగారు 1 ఇస్పేటు పాడారు. కుడి పక్కాయన 2 ఆఠీన్లు అన్నాడు. ఈయన చేతిలో ఇస్పేట్లు నాలుగు (రాణి, 8, 6, 3), ఆఠీను ఒక్కటే (7), డైమన్లు నాలుగు (రాజు, 10, 5, 4), కళావర్లు నాలుగు (9, 6, 4, 2). రాజుకు 3, రాణికి 2, అన్నీ కలిపి 5 పాయింట్లు. ‘ఇంత చిన్న చేతితో ఏం పాడతాను’ అని పాస్ అన్నారు. ఎడమ పక్కాయన 3 ఆఠీన్లకు పెంచాడు, అక్కడ ఆట ఆగింది. వాళ్ళు సరిగ్గా తొమ్మిది ట్రిక్కులు చేసి 140 స్కోరు తీసుకున్నారు. అన్నయ్యగారు నలుగురిలో, ‘నీకు నోట్లో నాలుక లేదా?’ అన్నారు.

రెండోది తర్వాతి వారమే. ఈసారి ఈయన జంట వల్నరబుల్, అంటే పాడినన్ని ట్రిక్కులు రాకపోతే మామూలు కంటే ఎక్కువ పోయే వంతు. అన్నయ్యగారి 1 ఆఠీనును 2 ఆఠీన్లకు పెంచారు. ఎడమ పక్కాయన 2 ఇస్పేట్లు పాడాడు, మిగతా ఇద్దరూ పాస్. ఈయనకు ఇస్పేట్లలో రాణి, జాకీ, 4. ఆఠీన్లలో రాణి, 7, 5. డైమన్లలో రాజు, 8, 6, 2. కళావర్లలో జాకీ, 9, 3. మొత్తం 9 పాయింట్లు. పోయిన వారం తిట్లు గుర్తొచ్చి 3 ఆఠీన్లు పాడారు. రెండు ట్రిక్కులు తగ్గాయి, 200 పోయింది. ‘నోరు కట్టుకోలేవా?’ అన్నారు అన్నయ్యగారు.

మూడోది అసలు దెబ్బ. ఈయన 1 ఇస్పేటు, ఎడమ పక్కాయన 2 ఆఠీన్లు, అన్నయ్యగారు 2 ఇస్పేట్లు, కుడి పక్కాయన ఒక్కసారిగా 4 ఆఠీన్లు. ఈయన నిమిషం పైగా ఆలోచించి పాస్ కార్డు పెట్టారు. తర్వాతాయన పాస్. అన్నయ్యగారు 4 ఇస్పేట్లు పాడారు, పది ట్రిక్కులూ వచ్చాయి. ఎదుటివాళ్ళు, ఆట నియమాలు చూసే డైరెక్టర్‌ని పిలిచారు. ఆయన విని, ఆ ఫలితం కొట్టేసి, 4 ఆఠీన్లు ఆడి గెలిచినట్టు వాళ్ళకు రాశారు. ఇటు రావాల్సిన 420 అటు వెళ్ళింది. వెనక బల్ల నుంచి ఎవరో ‘తోడల్లుళ్ళు కదా, కళ్ళతోనే మాటాడుకుంటారు’ అన్నారట. ఇంటికి వచ్చేదాకా అన్నయ్యగారు నోరు విప్పలేదు. గంటస్తంభం దగ్గర ఎప్పుడూ తాగే టీ కూడా తాగలేదు.

ఇప్పుడు అక్కాచెల్లెళ్ళ ఫోన్లు తగ్గాయి. ఈయన భార్య, ‘ముక్కల కోసం మేం మాటాడుకోడం మానేయాలేటి?’ అని అడిగారట. పైడితల్లమ్మ సిరిమాను మంగళవారం నాడే కాబట్టి ఆ వారం ఆట లేదు, ఆ సెలవు ప్రాణానికి హాయిగా ఉందని రాశారు. ‘పాడితే తప్పు, పాస్ అంటే తప్పు. ముక్కలు చేతిలోకి వస్తుంటేనే టెన్షన్. ఎప్పుడు పాడాలో, ఎప్పుడు ఊరుకోవాలో తెలిసే దారి ఉందా? లేక ఈ వయసులో ఇది నాకు రాదని మానేయాలా?’ ఇదీ ఆయన ప్రశ్న.

*

మీ ఉత్తరం చదివి ముందు నవ్వుకున్నాను, క్షమించండి. 5 పాయింట్లున్నప్పుడు పాడాల్సింది, 9 ఉన్నప్పుడు ఊరుకోవాల్సింది. మీరు రెండుసార్లూ దీన్ని తిరగేశారు. అయితే మీకు నేర్పిన లెక్క ప్రకారం రెండుసార్లూ న్యాయంగానే చేశారు. లోపం ఆ లెక్కలో ఉంది.

ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1, పేక మొత్తానికి 40. ఈ లెక్క ఎదుటివాళ్ళు నోరు మూసుకుని కూర్చున్నప్పుడు చక్కగా పనిచేస్తుంది. వాళ్ళూ పాటలోకి దిగాక, అందులోనూ రెండు పక్కలా ఒక్కో సూట్ (ఇస్పేట్లు, ఆఠీన్ల లాంటి జాతి) కుదిరాక, పాయింట్లు సగం కథే చెబుతాయి. అప్పుడు లెక్కపెట్టాల్సింది తురుపులు. మీ ఇద్దరి చేతుల్లో కలిపి మీ సూట్ ముక్కలెన్ని, వాళ్ళిద్దరికీ కలిపి వాళ్ళ సూట్ ముక్కలెన్ని అన్నది.

ఫ్రాన్స్‌కు చెందిన జాన్ రెనే వెర్న్ 1960లలో ఒక సంగతి రాశాడు. రెండు జంటల తురుపులూ కలిపితే ఎంత వస్తుందో, ఎవరి సూట్‌లో వాళ్ళు ఆడితే వచ్చే ట్రిక్కుల మొత్తం కూడా దాదాపు అంతే ఉంటుందని. 1990లలో అమెరికన్ ఆటగాడు లారీ కోహెన్ దాన్ని క్లబ్బు ఆటగాళ్ళ దాకా తెచ్చాడు. మీ మొదటి పేకకు పెట్టి చూడండి. అన్నయ్యగారివి ఐదు ఇస్పేట్లనుకుంటే మీవి నాలుగు, తొమ్మిది. మీకు ఆఠీను ఒక్కటే, ఆయనకు మూడనుకోండి, వాళ్ళకు తొమ్మిది. మొత్తం పద్దెనిమిది. వాళ్ళకు ఆఠీన్లలో తొమ్మిది ట్రిక్కులు వచ్చాయని మీరే రాశారు. అంటే మీకు ఇస్పేట్లలో సుమారు తొమ్మిది. 3 ఇస్పేట్లు పాడి ఉంటే ఆ 140 మీదే. పోనీ ముక్కలు ఇంకోలా పడి వాళ్ళకు పది వచ్చే పేకే అయితే? మీకు ఎనిమిది వస్తాయి, ఒకటి తగ్గి 50 పోతుంది. ఊరుకుంటే వాళ్ళకు 170. ఎటు చూసినా పాడటమే లాభం.

అదీ నెమ్మదిగా 2 ఇస్పేట్లని కాదు. ఆ చేతితో మొదటిసారే 3 ఇస్పేట్లకు దూకాలి. తొమ్మిది తురుపులుంటే తొమ్మిది ట్రిక్కుల మెట్టు దాకా ఒకేసారి వెళ్ళి కూర్చోవడం. అప్పుడు ఎడమ పక్కాయనకు 3 ఆఠీన్లనే మెట్టే మిగలదు. నాలుగుకి ఎక్కాలా, వదిలేయాలా అని ఆయన తల పట్టుకోవాలి. మీరు పాస్ అన్నందుకు ఆయన హాయిగా 3 అని కూర్చున్నాడు. ఒక్క జాగ్రత్త. అలా దూకితే చిన్న చెయ్యి, పెద్ద తురుపు బలం అని అర్థమని అన్నయ్యగారికి ముందే తెలిసుండాలి. తెలియకపోతే మీ దగ్గర 11 పాయింట్లున్నాయనుకుని 4 పాడేస్తారు.

ఇక రెండో పేక. మీకు ఆఠీన్లు మూడే, అన్నయ్యగారివి ఐదు, ఎనిమిది. వాళ్ళకూ ఇస్పేట్లు ఎనిమిదే అనుకుందాం. పదహారు. వాళ్ళకు ఎనిమిది వస్తే మీకూ ఎనిమిదే, 3 ఆఠీన్లకు ఒకటి చాలదు. అది లెక్క బాగున్నప్పటి మాట. మీ చెయ్యి చూడండి: మూడు, మూడు, నాలుగు, మూడు. ఎక్కడా పొట్టి సూట్ లేదు, తురుపు కొట్టి సంపాదించే ట్రిక్కు లేదు. పైగా మీ 9 పాయింట్లలో 3 ఇస్పేటు రాణి, జాకీలవి. అవి వాళ్ళ ఆటలో వాళ్ళకు అడ్డం పడతాయి. మీరు ఆఠీన్లు ఆడితే వాటికి పనే ఉండదు. ఇలాంటి చేతులతో మొత్తం ఒకటి తగ్గుతుంది. వాళ్ళకు ఎనిమిది, మీకు ఏడు, మీరు రెండు డౌన్. సరిగ్గా అదే జరిగింది. వల్నరబుల్‌గా రెండు తగ్గితే డబుల్ (‘మీరు చేయలేరు’ అని ఎదుటివాళ్ళు పందెం పెంచడం) లేకపోయినా 200. ఊరుకుని ఉంటే వాళ్ళు 2 ఇస్పేట్లు చేసుకున్నా 110తో పోయేది. గేమ్ (4 ఇస్పేట్లు, 4 ఆఠీన్ల లాంటి, పెద్ద బోనస్ వచ్చే పాట) లేని పేకల్లో వచ్చే స్కోర్లు 110, 140 దగ్గరే తిరుగుతాయి కాబట్టి ఆ 200 మిమ్మల్ని, ఇవే ముక్కలు ఆడిన బల్లలన్నిటి పట్టికలో అందరికంటే కింద కూర్చోబెడుతుంది.

ఈ తురుపుల లెక్కను దేవుడి మాటలా పట్టుకోమని చెప్పను. మైక్ లారెన్స్, ఆండర్స్ విర్‌గ్రెన్ 2004లో దీన్ని గట్టిగానే కాదన్నారు. తురుపుల సంఖ్య కంటే పొట్టి సూట్లు, పనికొచ్చే పాయింట్లు ముఖ్యమన్నారు. నా మట్టుకు నేను రెండూ చూస్తాను. ముందు తురుపులు లెక్కపెట్టి, తర్వాత చేతి ఆకారాన్ని బట్టి ఒకటి కలుపుతానో తీస్తానో తేల్చుకుంటాను. మీ మొదటి చెయ్యి కలపాల్సిన రకం, రెండోది తీసేయాల్సిన రకం.

వినాయక చవితి లడ్డూ పాట మీకు కొత్త కాదు. వద్దనుకుంటూనే ఎదుటివాడి చేత ఇంకో వెయ్యి పెట్టించాలని పెంచుతారు కొందరు. వాడు నవ్వి ‘సరే బావు, నీదే’ అంటే లడ్డూ మన నెత్తిన పడుతుంది. బ్రిడ్జ్‌లోనూ అంతే. కాకపోతే ఇక్కడ నెత్తిన పడ్డాక ఎంత పోతుందో ముందే లెక్క వేసుకోవచ్చు, ఆ సదుపాయం మండపం దగ్గర ఉండదు. వాళ్ళు 4 ఆఠీన్లు చేస్తారని నమ్మకం ఉంది, మీరు 4 ఇస్పేట్లు పాడి డబుల్ తిని ఓడదామనుకుంటున్నారు అనుకోండి. ఎవరూ వల్నరబుల్ కానప్పుడు వాళ్ళ గేమ్ 420. మీరు రెండు తగ్గితే 300, లాభం. మూడు తగ్గితే 500, నష్టం. వాళ్ళు మాత్రమే వల్నరబుల్ అయితే వాళ్ళ గేమ్ 620, మూడు తగ్గినా 500తో బయటపడతారు. మీరు మాత్రమే వల్నరబుల్ అయితే రెండు తగ్గగానే 500, ఆ పని పెట్టుకోవద్దు. మీరు బ్యాంకులో పనిచేశారు, ఈ నాలుగు అంకెలు మీకో లెక్కా! చేతి పాయింట్ల కంటే ముందు ఎవరు వల్నరబుల్ అన్నది చూసే అలవాటు చేసుకోండి.

ఇప్పుడు ఆ 420 సంగతి. మీ ఉత్తరంలో మీ మనసు గట్టిగా గాయపడింది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

డైరెక్టర్ మిమ్మల్ని మోసగాళ్ళు అనలేదు. ఆటలో ఆలోచించడం నేరం కాదు. మీరు ఎంతసేపు ఆలోచించారన్నది మీ పార్టనర్‌కు వార్త అవుతుంది, ఆ వార్తను ఆయన వాడుకోకూడదు. నియమాల్లో 16వది చెప్పేది ఇదే. నిమిషం ఆలోచించి పాస్ అన్నారంటే ఏమని అర్థం? ‘పాడాలనే ఉంది, ధైర్యం చాలలేదు’ అని. రెండు సెకన్లలో పాస్ అని ఉంటే అన్నయ్యగారు 4 ఇస్పేట్లు పాడేవారా? ఆయన చేతితో పాస్ అనడం కూడా సమంజసమే అయితే, మీ ఆలోచన ఏ వైపు చూపించిందో ఆ వైపు ఆయన వెళ్ళకూడదు. ఆయన వెళ్ళారు. డైరెక్టర్ ఫలితాన్ని మార్చారు. ఇది రైల్లో తప్పు బోగీ ఎక్కినవాణ్ణి టీటీ దించి సరైన బోగీలోకి పంపడం లాంటిది. ఎవరి గుణం మీదా మచ్చ లేదు.

ఇంకో మాట, మీకు నచ్చినా అన్నయ్యగారికి నచ్చదు. ఆ రోజు నియమం తప్పింది మీరు కాదు, ఆయన. ఆలోచించింది మీరైనా, ఆ ఆలోచన విని పాడింది ఆయన. అలిగి టీ మానేయాల్సి వస్తే అది మీరు మానేయాలి.

అయితే మీ వైపు ఒకటి దిద్దుకోవచ్చు. కుడి పక్కాయన 2 ఇస్పేట్ల మీద 4 ఆఠీన్లకు దూకాడు కదా. అలా మెట్టు దాటి దూకినప్పుడు తర్వాతివాళ్ళు సుమారు 10 సెకన్లు ఆగాలన్నది చాలాచోట్ల పాటించే పద్ధతి. చెత్త చెయ్యి ఉన్నా ఆగాలి, మంచి చెయ్యి ఉన్నా ఆగాలి. అప్పుడు ఆగడంలో వార్త ఉండదు. ఆ పది సెకన్లు మీకు ఊరికే దొరికిన సమయం, అందులోనే తేల్చుకోండి. అది దాటి నిమిషం పట్టేలా ఉంటే మాత్రం పాడండి, లేదా డబుల్ అనండి. ఆలోచించి పాడితే పార్టనర్‌కు చిక్కు తక్కువ. ఆలోచించి పాస్ అంటేనే ఆయన చేతులు కట్టేసినట్టు. ఇంకా మంచిది, ఆలోచన ముందుకు జరపడం. మీరు 1 ఇస్పేటు పాడేటప్పుడే ‘వీళ్ళు 4 ఆఠీన్లకు వెళ్తే ఏం చేస్తాను’ అని ఒకసారి అనుకోండి. తొమ్మిదిసార్లు వాళ్ళు వెళ్ళరు, పదోసారి మీకు నిమిషం పట్టదు.

కళ్ళతో మాటాడుకుంటారని అన్న పెద్దమనిషి విషయంలో గొడవ పెట్టుకోవద్దు, అలాగని మింగేయనూ వద్దు. వచ్చే మంగళవారం ఆట మొదలుకాక ముందు డైరెక్టర్‌కు ఒంటరిగా చెప్పండి. అటువంటి మాటలు బల్లల దగ్గర అనుకోవడం ఏ క్లబ్బూ ఒప్పుకోదు. ఆయన చెప్పే తీరులో చెబుతారు.

ఇక అన్నయ్యగారు. మీ ముందు నాలుగు దారులు కనిపిస్తున్నాయి.

మానేయవచ్చు. టెన్షన్ పోతుంది. కానీ మీరు మానేస్తే ఆయనకు పార్టనర్ పోతాడు, ‘నా వల్లే మానేశాడు’ అన్నది ఆయన మనసులో ఉండిపోతుంది. మీ ఆవిడకు కావాల్సింది అక్కతో మాటలు. మీ విరమణతో అవి పెరుగుతాయని నాకు నమ్మకం లేదు. వయసు సంగతంటారా, 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో మగవాళ్ళ జంటల్లో మన దేశానికి బంగారు పతకం తెచ్చిన ప్రణబ్ బర్ధన్‌కు అప్పటికి 60, శిబ్‌నాథ్ సర్కార్‌కు 56. మీరు వాళ్ళిద్దరి మధ్యన ఉన్నారు.

పార్టనర్‌ని మార్చవచ్చు. ఆట బాగుపడటానికి ఇది నిజంగా మంచి మందు. తిట్టని మనిషితో మూడు నెలలు ఆడితే భయం పోతుంది. కానీ మీరున్నది విజయనగరం. మంగళవారం మీరు ఇంకొకరి ఎదుట కూర్చుంటే బుధవారం పొద్దున్నకి రెండిళ్ళలోనూ అదే మాట. అందుకని ఈ దారి పడితే ముందు ఆయనకే చెప్పి, ‘మంగళవారం మీతోనే, శనివారం నేర్చుకోడానికి ఇంకొకరితో’ అని అనుమతి అడిగినట్టు అడగండి. గురువును అడిగితే కాదనడు, చెప్పకుండా వెళ్తే క్షమించడు.

మూడోది, క్లబ్బు మాని కొంతకాలం ఇంట్లో కంప్యూటర్ మీద బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్‌లో ఆడటం. అక్కడ రోబోలు పార్టనర్లుగా ఉంటాయి, అవి ‘నోట్లో నాలుక లేదా’ అనవు. పాడాలా వద్దా అన్న అలవాటు కుదరడానికి రోజుకు పది పేకలు చాలు. కాకపోతే రోబోకు మీ ముఖం కనిపించదు, నిమిషం ఆలోచించినా దానికి పట్టదు. మీ మూడో పేక జబ్బుకు అది మందు కాదు.

నాలుగోది నేను చేసిన పని. ముప్పై ఏళ్ళ కిందట నా పార్టనర్ కూడా ప్రతి పేక అయ్యాక లేచి పాఠం చెప్పేవాడు. తర్వాతి పేక ఆడుతుంటే నా బుర్రలో పాత పేకే తిరిగేది. చివరికి ఒక ఒప్పందం చేసుకున్నాం: బల్ల దగ్గర ‘థాంక్యూ పార్టనర్’ తప్ప ఇంకో మాట లేదు. ఏదైనా ఉంటే స్కోరు చీటీ వెనక పేక నంబరు రాసుకోవాలి. ఆట అయ్యాక టీ దగ్గర ఆ నంబర్లు తీసి మాట్లాడుకోవాలి. మొదటి వారం నా చీటీ వెనక పదకొండు నంబర్లున్నాయి. టీ వచ్చేసరికి అందులో ఏడు ఎందుకు రాసుకున్నానో గుర్తులేదు. ఆయనకూ అంతే.

మీ అన్నయ్యగారు లెక్కల మాస్టారు. ‘మీరు తిట్టారు, బాధపడ్డాను’ అని మొదలుపెడితే ఆయన గోడ కట్టేసుకుంటారు. ‘అన్నయ్యా, ఆ రెండు పేకల్లో తురుపులు లెక్కపెట్టాను, 5 పాయింట్లకు పాడాల్సింది, 9కి ఊరుకోవాల్సింది, నిజమేనా?’ అని కాగితం పెన్సిలు పట్టుకుని వెళ్ళండి. ఆయన పెన్సిలు లాక్కుంటారు. ఆ పూటే మిగతావి కూడా తేల్చుకోండి. మూడో మెట్టుకు దూకితే అర్థమేమిటి, ఆయన డబుల్ అంటే మీరు వదిలేయాలా మళ్ళీ పాడాలా, మీ చెయ్యి ఒకసారి పూర్తిగా చెప్పేశాక తర్వాతి నిర్ణయం ఎవరిది. నన్నడిగితే ఆఖరుదానికి జవాబు ‘పార్టనర్‌ది’. 2 ఆఠీన్లకు పెంచినప్పుడే మీ చెయ్యి ఏమిటో చెప్పేశారు. 2 ఇస్పేట్ల మీద ఆయన పాస్ అన్నారంటే ఆయన నిర్ణయం అయిపోయింది. దాని మీద మళ్ళీ 3 ఆఠీన్లు పాడటం, పెద్దన్నయ్య బేరం కుదిర్చి వచ్చాక తమ్ముడు వెళ్ళి మళ్ళీ ధర అడగడం.

మూడో పేక తప్పు ఆయనదని మాత్రం మీరు చెప్పకండి. నేను చెప్పానని కూడా చెప్పకండి. 16వ నియమం ఆయనే చదువుకుంటారు, అప్పటికే చదివి ఉంటారని నా అనుమానం. టీ తాగకపోవడానికి కారణం మీ మీద కోపం కాకపోవచ్చు.

ఉత్తరం అంచున పెన్సిలుతో ఇంకో చిన్న ప్రశ్న రాశారు, మరిచిపోలేదు. ఎడమ పక్కాయన 1 ఆఠీను, అన్నయ్యగారు పాస్, కుడి పక్కాయన 2 ఆఠీన్లు, మీరు పాస్, ఎడమ పక్కాయన పాస్. అప్పుడు అన్నయ్యగారు 2 ఇస్పేట్లు పాడారు, తర్వాతాయన పాస్. మీకు ఇస్పేట్లు మూడు, పాయింట్లు 11. ‘3 ఇస్పేట్లకు పెంచనా?’ అని కదా. వద్దు, పాస్ అనండి. ఎదుటివాళ్ళు రెండో మెట్టులో ఆగిపోయారంటే 40లో సుమారు సగమే వాళ్ళ దగ్గరుంది, మిగతా సగం మీ ఇద్దరిదీ. అన్నయ్యగారు మొదటిసారి పాస్ అన్నారు, అంటే ఆయన దగ్గర ఎక్కువ లేవు. మీ దగ్గర ఉండి తీరాలని లెక్క వేసుకునే ధైర్యం చేశారు. ఆ 11 పాయింట్లూ ఆయన అప్పటికే పాడేశారు.